మిరపా, మిరియమా? ‘సారమిట్లుండురా’లో సారమేది?

హనుమకొండ, పరిశోధక విద్యార్థిని:
పెద్దలకు నమస్కారం. దక్షిణ అమెరికాకు చెందిన పెప్పర్ ట్రీ ఆకుల ఎసెన్షియల్ ఆయిల్‌ (ఆకులో వాసననిచ్చే నూనె)లో ఏయే రసాయనాలుంటాయో తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. నేను ‘ఆవశ్యక తైలం’ అని రాస్తే, ఆ మాటకిక్కడ ‘అవసరమైన’ అన్న అర్థం లేదనీ, అది ‘ఎసెన్స్’ నుంచి వచ్చిందనీ మా గైడ్ గారు కొట్టివేశారు. ‘సారతైలం’ అందామనుకోగానే ‘గింజ చూడ మీద నల్లగనుండు’, ‘కొరికి చూడ లోన చురుకుమనును’, ‘సజ్జనులగువారి సారమిట్లుండురా’ అన్న వేమన పాదాలు గుర్తుకొచ్చాయి. ఆ గింజ మిరపదా, మిరియానిదా? ఆ సారం ఈ నూనెకు సరిపోతుందా?

జనగామ, తెలుగు పండితుడు:
అచ్చుల్లో ‘మిరప’ అని తరచుగా కనిపించినా, అది మిరియమేనమ్మా. అయితే ‘మిరియపు గింజ’ అని దిద్దకండి. నాలుగు లఘువులై ఆటవెలదిలో మొదటి సూర్యగణం చెడుతుంది. ‘మిరప’, ‘మిరియ’, ‘మిరెపు’ మూడూ మూడేసి లఘువుల నగణాలే, మి–మీ యతి మూడింటికీ చెల్లుతుంది. కనుక తీర్పు చెప్పవలసింది ఛందస్సు కాదు, రంగు.

వరంగల్, మిర్చి వ్యాపారి:
ఎనుమాముల యార్డులో బస్తాలు విప్పి చూసినవారెవరూ మిరపగింజను నల్లనిదనరు, అది పసుపుపచ్చన. అయినా ‘మిరప’ పాఠాన్ని తోసిపుచ్చనక్కరలేదు. పోర్చుగీసుల రాకతో ఇటు చేరిన కాయకు మనవాళ్లు మిరియం పేరే తగిలించారు కనుక, ‘మిరప’ అంటే మొదట ‘మిరియపు’ అనే అర్థమని నా నమ్మకం.

జనగామ, తెలుగు పండితుడు:
నమ్మకానికి ప్రయోగం చూపాలి కదా! బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చువేసిన నాటినుంచీ పాఠాంతరాలకు కొదవలేదు. రెండో పాదంలో ‘కొరికి–చురుకు’ అని రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి సొగసు మాత్రం ఎవరూ పట్టించుకోరు.

కరీంనగర్, విశ్రాంత రసాయన అధ్యాపకుడు:
ప్రశ్న ఆకు నూనె గురించి, మనం గింజ దగ్గరే ఆగిపోయాం. మన మిరియం తీగ. పెప్పర్ ట్రీ మామిడి, జీడిమామిడి కుటుంబపు చెట్టు, కాయల ఘాటువల్లనే ఆ పేరు పొందింది. దాని ఆకు ముక్కలను నీటిపై వేస్తే, లోపలి నూనె చిమ్ముకొచ్చి అవి కుదుపులతో కదులుతాయి. ఆవిరి పంపి బట్టీలో తీసిన ఆ నూనెలో ఆల్ఫా, బీటా ఫెలాండ్రీన్‌లు, లిమొనీన్, మిర్సీన్, పైనీన్‌లు కనిపిస్తాయి. వీటన్నిటిలోనూ 10 కార్బన్, 16 హైడ్రోజన్ పరమాణువులే, అమరిక మాత్రం వేరు. ఒకే గణాలతో వేర్వేరు పద్యాలన్నమాట. 15 కార్బన్ల ఎలిమాల్, స్పాథులెనాల్ వంటివీ ఉంటాయి. చెట్టు పెరిగిన చోటు, ఆకు కోసిన కాలం మారితే ఈ పాళ్లు మారిపోతాయి.

ఇక అసలు చిక్కు. వేమన సారమన్నది కొరికితే తెలిసే చురుకును. మిరియంలో ఆ చురుకు 1819లో వేరుచేసిన పైపరిన్ అనే రసాయనానిది. అది ఆవిరితో లేవదు, బట్టీలోనే మిగిలిపోతుంది. మిరియాల నూనెలోకి వాసన వస్తుంది, కారం రాదు. వేమన లెక్కన సారం లేనిదే ‘సారతైలం’ అవుతుంది.

జనగామ, తెలుగు పండితుడు:
వాసన సారం కాదని ఎవరన్నారు? మా బమ్మెర పోతన తుమ్మెదను మందార మకరందంలో తేల్చాడే గాని, పువ్వును కొరికించలేదు.

హనుమకొండ, పరిశోధక విద్యార్థిని:
అయితే ప్రస్తుతానికి ‘ఆవిరి తైలం’ అని రాయనా?

జనగామ, తెలుగు పండితుడు:
ఆవిరి తెలుగు, తైలం సంస్కృతం, దుష్టసమాసమంటారు. ‘ఆవిరి నూనె’ అనండి.

వరంగల్, మిర్చి వ్యాపారి:
నూనెలో నువ్వు లేదా, పంతులుగారూ?