అండమాన్ ప్రయాణం: అమ్మకు మధుమేహం, వైద్యం ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న:
జనవరిలో అమ్మానాన్నలతో పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి హేవ్‌లాక్‌కు వెళ్లాలనుకుంటున్నాము. అమ్మ ఇన్సులిన్ వాడుతుంది. దీవిలో ఉండగా జ్వరమో విరేచనాలో పట్టుకుంటే ఎక్కడ చూపించాలో, వెంట ఏమి తీసుకువెళ్లాలో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉందండి. చిన్నపాటి జబ్బులకు అది చాలు గాని, గుండెనొప్పి వంటిది వస్తే పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం)లోని జి.బి. పంత్ ఆసుపత్రికి సముద్రం దాటి వెళ్లవలసిందే. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఫెర్రీలు ఆగిపోతాయి కనుక, తిరుగు విమానానికి ముందురోజే పోర్ట్ బ్లెయిర్ చేరుకోవడం మంచిదని నా అభిప్రాయం.

రెండవ జవాబు:
ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే ఉంచండి. విమానం సరుకుల అరలో అది గడ్డకట్టి పాడైపోవచ్చు. విరేచనాలు, వాంతులు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లాన్ని దానిమీద రాసినంత శుభ్రమైన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. తిండి తగ్గింది కదా అని ఇన్సులిన్ మీ అంతట మీరు ఆపకండి. అలాంటి రోజున మోతాదు ఎంతో మీ వైద్యుణ్ణి ప్రయాణానికి ముందే అడిగి, చీటీపై రాయించుకోండి.

మూడవ జవాబు:
డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేయకుండా రక్తపరీక్ష చేయించండి. అమ్మగారు గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకుంటూ ఉంటే మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఆపవద్దు. రాధానగర్ తీరంలో ఇసుక ఈగలు కుట్టినచోట గోకితే మధుమేహులకు పుండు త్వరగా మానదు. చెప్పులు లేకుండా పగడపు రాళ్లపై నడవనివ్వకండి.