సింగిల్ కాయిల్ గిటార్‌కి కాపర్ షీల్డింగ్ చేస్తే హమ్ పోతుందా, పోదా?

కొత్తచేయి:
సొంతంగా కట్టుకున్న మొదటి గిటార్ ఇది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) ఆకారం, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, ఒకే కాయిల్ ఉన్న భాగాలు), వాల్యూమ్, టోన్ తిప్పడానికి 250కె పాట్‌లు, ఐదు పొజిషన్ల స్విచ్. బాడీ, నెక్ విడివిడిగా కొని వైరింగ్ మొత్తం నేనే చేశాను. బాగానే మోగుతోంది. కానీ ఆంప్‌లో గెయిన్ కాస్త పెంచితే చాలు, ఒకటే రొద. క్యావిటీ (బాడీలో వైరింగ్ ఉండే గుంత) అంతా కాపర్ టేప్ వేయమని ఒకరంటారు, అది ఉత్త దండగ అని ఇంకొకరంటారు. తీగలన్నీ ఊడదీసి, దాని మీది పలక, అదే పిక్‌గార్డ్, విప్పి మళ్లీ మొదటికి రాకముందే అడుగుతున్నా. వేయాలా, వద్దా?

చెక్కపొట్టు:
వేయాలి. ఇందులో చర్చకేముంది? నా చేతి మీదుగా వెళ్లే ప్రతి గిటార్‌కీ కంట్రోల్ క్యావిటీ, పికప్ గుంతలు, కేబుల్ గుచ్చే జాక్ గుంత, పిక్‌గార్డ్ వెనక భాగం అన్నీ కాపరే. అయితే టేప్ ముక్కలు అతికించి వదిలేస్తే లాభం లేదు. జిగురు కరెంటు పోనిచ్చే రకం కాకపోతే ఏ ముక్కకా ముక్క విడిగా ఉండిపోతుంది. ప్రతి అతుకు మీదా ఓ సోల్డర్ చుక్క పెట్టండి. మల్టీమీటర్ ఒక ప్రోబ్ ఈ మూల, ఇంకోటి ఆ మూల పెడితే ఒక ఓమ్ లోపే చూపించాలి. ఆ తర్వాత గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోట కలిపే స్టార్ గ్రౌండింగ్. ఈ రెండూ చేస్తే చప్పుడే ఉండదు. 1958లో వచ్చిన ఫెండర్ జాజ్‌మాస్టర్ గిటార్‌లోనే గుంతల్లో ఇత్తడి రేకులు వేశారు. వాళ్లకు పనిలేక వేశారా?

ఓమ్‌నియమం:
చెక్కపొట్టు గారూ, రెండు వేర్వేరు రొదల్ని ఒకే గాటన కట్టేస్తున్నారు. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్ల చుట్టూ 50 లేదా 60 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. సింగిల్ కాయిల్ అంటే వేల చుట్ల సన్న తీగ కాబట్టి ఆ క్షేత్రాన్ని ఇట్టే పట్టేస్తుంది. 'మ్‌మ్‌' అని వచ్చే హమ్ అదే. కాపర్ టేప్ దాన్ని ఆపలేదు. ఆ ఫ్రీక్వెన్సీలో రాగి స్కిన్ డెప్త్ సుమారు 9 మిల్లీమీటర్లు. అంటే క్షేత్రం మూడో వంతుకు పడిపోవాలన్నా దాదాపు అంత మందం కావాలి. మీ టేప్ మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు.

టేప్ ఆపేది విద్యుత్ క్షేత్రం వల్ల వచ్చే 'జ్‌జ్‌' శబ్దాన్ని. లైట్ డిమ్మర్లు, ట్యూబ్‌లైట్లు, కంప్యూటర్ అడాప్టర్ల నుంచి వస్తుందది. హమ్ పోవాలంటే రెండో కాయిల్ కావాలి. గిబ్సన్ ఇంజినీర్ సెత్ లవర్ 1955లో హంబకర్‌కి, అంటే రెండు కాయిల్స్ ఉన్న పికప్‌కి, పేటెంట్ దరఖాస్తు పెట్టింది అందుకే. రేకుతో పోయే పనైతే ఆయనకెందుకంత శ్రమ?

చెక్కపొట్టు:
బాగుంది. ఆ హంబకర్ మీదే లోహపు మూత ఎందుకు పెట్టారో కూడా చెప్పండి మరి.

ఓమ్‌నియమం:
విద్యుత్ క్షేత్రం కోసం. నేను పైన చెప్పిందే.

చెక్కపొట్టు:
అంటే షీల్డింగ్ కావాలనేగా!

బెండ్‌బాబు:
హంబకర్ పెట్టేస్తే గొడవే లేదు.

ఆరోతీగ:
కొత్తచేయి గారూ, వీళ్లిద్దరూ తేల్చుకునేలోపు మీరు మూడు పనులు చేయండి. ఒకటి, గిటార్ పట్టుకుని కూర్చున్న చోటే మెల్లగా చుట్టూ తిరగండి. ఏదో ఒక దిక్కులో రొద బాగా తగ్గిపోతే అది అయస్కాంత హమ్. రెండు, తీగల మీద చెయ్యి వేసి, తీసి చూడండి. చెయ్యి వేస్తే తగ్గాలి. వేస్తే పెరిగిందంటే జాక్ దగ్గర హాట్ (సిగ్నల్ వైరు), గ్రౌండ్ తారుమారయ్యాయి. మూడు, స్విచ్‌ని రెండేసి పికప్‌లు కలిసి మోగే 2, 4 పొజిషన్లలో పెట్టి వినండి. మధ్య పికప్ చుట్టు, అయస్కాంతం రెండూ తిరగేసి చేసిన రకమైతే ఆ రెండు చోట్లా హమ్ దాదాపు ఉండదు.

స్లైడ్‌మాస్టర్:
ఖరీదైన కెపాసిటర్ వేస్తే రొద తగ్గుతుందని విన్నాను, నిజమేనా?

ఆరోతీగ:
కాదు. అది టోన్ తిప్పినప్పుడు ట్రెబుల్‌ని గ్రౌండ్‌కి పంపుతుంది, అంతే. టోన్ తగ్గిస్తే 'జ్‌జ్‌' కాస్త మెత్తబడుతుంది గానీ 50 హెర్ట్జ్ హమ్ అలాగే ఉంటుంది.

చెక్కపొట్టు:
స్టార్ గ్రౌండింగ్ సంగతి ఎవరూ ఎత్తరేం? పాట్‌ల వెనక నుంచి ఒక వైరు, కింద రేకు మీదుగా ఇంకో దారి, ఇలా రెండు దారులు ఏర్పడితే అదే గ్రౌండ్ లూప్. దాని రొద నేను స్వయంగా విన్నాను. ఒక్క వైరు కత్తిరించగానే పోయింది.

ఓమ్‌నియమం:
గిటార్ లోపలి ఆ లూప్ అరచేయంత కూడా ఉండదు. పక్కనే వేల చుట్ల పికప్ ఉండగా ఒక్క చుట్టు వైరులో పుట్టే వోల్టేజి ఏపాటిది? అది మీ చెవికి వినిపించిందంటే నమ్మమంటారా? గ్రౌండ్ లూప్ అనేది రెండు ఆంప్‌లు, పెడల్ బోర్డు, ల్యాప్‌టాప్ వేర్వేరు ఎర్త్‌లకు కలిసినప్పుడు వచ్చే సమస్య. మీరు కత్తిరించిన వైరు దగ్గర సరిగా అతకని సోల్డర్ ఉండి ఉంటుంది.

చెక్కపొట్టు:
నా సోల్డర్‌ని అంటున్నారా?

రాత్రిరిఫ్:
కాపర్ టేప్ పేరెత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఒకాయన దగ్గర షీల్డింగ్ చేయించాను. ఇంటికొచ్చి కేబుల్ పెడితే చడీ లేదు, చప్పుడూ లేదు. కేబుల్ సగం బయటికి లాగితే 'టప్' మంటుంది. ఆయన పికప్ పోయింది, కొత్తది కొనమన్నాడు. నేనే జాక్ విప్పి చూశాను. ప్లగ్ లోపలికి వెళ్లగానే దాని మొనకు తగిలే ఆ వంపు తిరిగిన రేకు వెనక్కి జరిగి గుంతలోని కాపర్‌ని ముట్టుకుంటోంది. సిగ్నల్ మొత్తం గ్రౌండ్‌కి పోతోంది! అక్కడ కాస్త ఇన్సులేషన్ టేప్ వేస్తే పనైపోయింది. దీనికి నన్ను పికప్ కొనమన్నాడు.

చెక్కపొట్టు:
అది చేసినవాడి తప్పు. కాపర్ తప్పు కాదు.

బెండ్‌బాబు:
నా ఈఎంజీ గిటార్‌కి తీగల్ని గ్రౌండ్‌కి కలిపే బ్రిడ్జ్ గ్రౌండ్ వైరే లేదు. అయినా నిశ్శబ్దం. మీరంతా ఏ కాలంలో ఉన్నారు?

ఆరోతీగ:
అవి బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌లు, ప్రీఆంప్, షీల్డింగ్ లోపలే ఉంటాయి. ఆ కంపెనీయే తీగలకు గ్రౌండ్ ఇవ్వొద్దంటుంది. బ్యాటరీ లేని పాసివ్ గిటార్‌కి దీన్ని చూసి వైరు పీకేయకండి ఎవరూ.

కొత్తచేయి:
ఆరోతీగ గారూ, చేసి చూశాను. తిరిగితే కొంత తగ్గుతోంది గానీ పూర్తిగా పోవట్లేదు. 2, 4 లో బాగా తక్కువ. విచిత్రమేంటంటే తీగల్ని ముట్టుకున్నా, వదిలినా ఒకేలా ఉంది. పెరగదు, తగ్గదు.

ఆరోతీగ:
ఏ తేడా లేదంటే బ్రిడ్జ్ గ్రౌండ్ మీద అనుమానం. గిటార్‌కి కేబుల్ పెట్టి, రెండో కొస ఆంప్ నుంచి తీసేయండి. మీటర్ ఒక ప్రోబ్ తీగ మీద, ఇంకోటి ఆ కొసన ప్లగ్ పొడవాటి లోహపు భాగం మీద పెట్టండి. సున్నాకు దగ్గరగా రావాలి.

ఓమ్‌నియమం:
చెక్కపొట్టు గారూ, విన్నాను, కత్తిరించాను అంటే సరిపోదు. అదే గది, అదే ఆంప్, అదే గెయిన్, గిటార్ అదే దిక్కున పెట్టి, వైరు తీయకముందు, తీసిన తర్వాత రికార్డ్ చేసి పెట్టండి. అప్పుడు ఒప్పుకుంటాను.

చెక్కపొట్టు:
మీరు ఇప్పటిదాకా ఎన్ని గిటార్లు కట్టారు సార్? కట్టినవాడి మాటకు విలువ లేదు, లెక్కలు రాసినవాడిదే వేదం. చెక్క కోసి, నెక్ పాకెట్ కాగితం మందం తేడా రాకుండా దిద్ది, సోల్డర్ పొగ పీల్చి పనిచేసేది మేము. మీరు కుర్చీలో కూర్చుని స్కిన్ డెప్త్ చెబుతారు.

ఓమ్‌నియమం:
కట్టలేదు. కట్టించుకున్నాను. అడిగారు గనక చెబుతున్నా. రొద అనేదే ఉండదని మాటిచ్చి, స్టార్ గ్రౌండింగ్, ఫుల్ షీల్డింగ్ అని విడిగా డబ్బు తీసుకున్నాడు ఒక బిల్డర్. సింగిల్ కాయిల్స్ కదా, నిజంగా ఉండదా అని అడిగాను కూడా. 'నా వైరింగ్‌లో ఉండదు' అన్నాడు. ఇంటికి తెచ్చి పెట్టగానే అదే హమ్. ఫోన్ చేస్తే మీ ఇంట్లో కరెంటు బాగాలేదన్నాడు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఎర్తింగ్ చూపించాను, బాగానే ఉంది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. లెక్కలు నేర్చుకుంది ఆ తర్వాతే.

చెక్కపొట్టు:
ఆ కోపం ఇక్కడ నా మీద తీర్చుకుంటున్నారన్న మాట. మేమంతా దొంగలమా?

ఓమ్‌నియమం:
మీ పేరు నేనెత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం దేనికి? కానీ మీరు పైన రాసిన మాట మళ్లీ చదవండి: 'ఈ రెండూ చేస్తే చప్పుడే ఉండదు.' అక్షరం పొల్లుపోకుండా ఆయన చెప్పింది అదే.

ఇ_మైనర్:
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా.

చెక్కపొట్టు:
సరే, నా గోడు కూడా వినండి. ఒకతను పాతకాలపు సింగిల్ కాయిల్ టోన్ కావాలంటూ వచ్చాడు. రొద ఉంటుంది బాబూ, కాయిల్ కింద ఇంకో కాయిల్ ఉండే స్టాక్డ్ పికప్ వేసుకో అన్నాను. వద్దు, టోన్ మారిపోతుందన్నాడు. సరేనని నాకు చేతనైనంత షీల్డింగ్ చేశాను. గుంతలో మూలమూలకీ టేప్ వేసి, అంచు పిక్‌గార్డ్‌కి తగిలేలా పైకి మడిచి, అతుకులన్నీ సోల్డర్ చేయడం గంటల తరబడి పని. అందులో చేతులు కోసుకోని రోజు ఉండదు. తీరా గిటార్ ఇచ్చాక రొద ఉందని మిగతా డబ్బు ఎగ్గొట్టాడు. పైగా ఇలాంటి థ్రెడ్ ఒకటి ఫోన్‌లో చూపించి 'టేప్ దండగ అని ఇంజినీర్లే రాశారు, దానికి కూలెందుకు' అన్నాడు. ఓమ్‌నియమం గారూ, మీరు రాసే ఒక్కో వాక్యం మా కూలి దగ్గర కత్తెరవుతుంది.

ఓమ్‌నియమం:
టేప్ దండగని నేనెక్కడా అనలేదు. 'జ్‌జ్‌' కి పనిచేస్తుంది, దానికి కూలి తీసుకోండి, న్యాయంగా తీసుకోండి. హమ్ పోదని ముందే బిల్లు మీద రాసివ్వండి. నా గొడవ మొదటి నుంచీ అదే.

చెక్కపొట్టు:
మొదటి నుంచీ స్కిన్ డెప్త్ గొడవ చేసి ఇప్పుడు బిల్లు అంటున్నారు. సరే, రాశాననుకోండి. నేను 'హమ్ పోదు' అని రాస్తా, పక్కవాడు 'చప్పుడే ఉండదు' అని రాస్తాడు. మీరే కస్టమర్ అయితే ఎవరి దగ్గరికి వెళ్తారు? నిజం చెప్పండి. మీరు వెళ్లింది ఎవరి దగ్గరికి?

ఆరోతీగ:
ఈ ప్రశ్నలో మాత్రం పస ఉంది.

ఓమ్‌నియమం:
అప్పుడు నాకు తెలియదు కాబట్టి వెళ్లాను. తెలియనివాడికి చెప్పాల్సింది తెలిసినవాడే కదా? పని పోతుందని అబద్ధం చెబితే ఆ నష్టం నా జేబులోంచి పోవాలా?

చెక్కపొట్టు:
నిజం చెబితే నా జేబులోంచి పోతుంది. దానికి ఎవరూ థ్రెడ్ పెట్టరు.

రాత్రిరిఫ్:
నాకు పికప్ అమ్మబోయినవాడి గురించి కూడా ఎవరైనా మాట్లాడండి.

కొత్తచేయి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఆరోతీగ గారు చెప్పినట్టు మీటర్ పెట్టాను, ఏ రీడింగూ రావట్లేదు, 'ఓఎల్' అని, అంటే కనెక్షనే లేదని, చూపిస్తోంది. వెనక మూత తీసి చూశాను. స్ప్రింగులు తగిలించే లోహపు పట్టీకి వేసిన సోల్డర్ గోళీలా నిలబడి ఉంది, వైరు పట్టుకుని కాస్త కదిపితే ఊడి చేతిలోకి వచ్చేసింది. నాది 25 వాట్ల ఐరన్.

ఆరోతీగ:
దొరికింది. అంత పెద్ద లోహపు ముక్క వేడినంతా లాగేస్తుంది, 25 వాట్లు చాలదు. 60 వాట్లది, వెడల్పు మొన ఉన్నది తీసుకోండి. పట్టీ మీద అతికించే చోట ఎమరీ కాగితంతో రుద్ది పైపూత పోగొట్టండి, ఫ్లక్స్ రాయండి. ముందు పట్టీని వేడి చేసి దాని మీద సోల్డర్ పారనివ్వండి, వైరు ఆ తర్వాత. పాట్‌ల వెనక అతికించేటప్పుడు కూడా ఇదే వరస, కాకపోతే అక్కడ ఐరన్ ఎక్కువసేపు ఉంచితే లోపలి కార్బన్ ట్రాక్ దెబ్బతింటుంది. ఇంకోటి, ఇప్పుడు తీగలు ఆంప్ ఎర్త్‌కి కలుస్తాయి కాబట్టి ఆంప్ ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కచ్చితంగా చూసుకోండి. అది లేని ఆంప్‌తో షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

కొత్తచేయి:
అతికించాను. మీటర్ 0.4 ఓమ్ చూపిస్తోంది. తీగల మీద చెయ్యి వేస్తే 'జ్‌జ్‌' ఆగిపోతోంది. సన్నగా 'మ్‌మ్‌' ఒకటి మిగిలింది, అది పక్కకి తిరిగితే పోతోంది, 2, 4 లో అసలు లేదు. దీంతో నేను సర్దుకుపోగలను. తీగలు మార్చేటప్పుడు కాపర్ కూడా వేస్తా, చెయ్యి తీసినప్పుడు వచ్చే శబ్దం కోసం.

చెక్కపొట్టు:
వేయండి. జాక్ గుంతలో రాత్రిరిఫ్ గారు చెప్పిన చోట ఇన్సులేషన్ టేప్ మర్చిపోకండి. గ్రౌండ్లు ఒకే చోటికి తెండి.

ఓమ్‌నియమం:
చివరి వాక్యం తప్ప మిగతాదంతా సరే. రికార్డింగ్ ఎప్పుడు పెడుతున్నారు?

చెక్కపొట్టు:
ఇప్పుడు టేబుల్ మీద ఒక గిటార్ ఉంది. వైరు కత్తిరించకముందు, తర్వాత రెండూ పెడతా, మీరే వినండి. బిల్లు మీద మాత్రం మీరు చెప్పినట్టు రాయను. నోటితో చెబుతాను, ఇకముందు కూడా అంతే.

ఓమ్‌నియమం:
నాకు కూడా నోటితోనే చెప్పాడు.