బీఎస్ఏ బాంటమ్ 350కి జావా 42 ఎఫ్‌జే స్పేర్లు సరిపోతాయా?

మా తమ్ముడు ఇంగ్లండ్‌లో ఉంటాడు, 2025 జులైలో అక్కడ వచ్చిన బీఎస్ఏ బాంటమ్ 350 బైక్ కొంటానని పట్టుబట్టాడు. బండి బాగానే ఉంది గానీ వాడి ఊరి దగ్గర్లో డీలర్ లేడు, నాకదే టెన్షన్. ఇంజిన్ మన జావా 42 ఎఫ్‌జేలో ఉండే 334 సీసీదే కాబట్టి ఆయిల్ ఫిల్టర్, క్లచ్ ప్లేట్లు, బ్రేక్ ప్యాడ్లు తిరుపతిలో కొని పంపొచ్చనుకున్నా. ఇక్కడ ఓ షోరూంలో అడిగితే ఎగుమతి మోడళ్ల పార్ట్ నంబర్లు వాళ్ల సిస్టమ్‌లో కనపడవన్నారు, లీలామహల్ సర్కిల్ దగ్గర మెకానిక్కేమో ఫోటోలు చూసి "రెండూ ఒకటేలా ఉండాయే" అన్నాడు, ఆ మాట మీద డబ్బులు పెట్టలేను కదా. (బీఎస్ఏదే ఇంకో బైక్ గోల్డ్ స్టార్ 650 సంగతి వద్దు, దాని 652 సీసీ ఇంజిన్ వేరే.) కేటలాగులు పోల్చినవాళ్లు, బిగించి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఈ మూడింటిలో ఏవి నేరుగా సరిపోతాయి?