నాష్ అనే ఇంగ్లీషు ఇంటిపేరులో ఆ "న్" ఎక్కడిది?

నిన్న ఒకరు స్టోక్స్, బ్రాత్‌వైట్ ఈ పేర్లకి అర్థం ఏంటని అడిగారు కదా, రెండూ ఊరిపేర్లేనండీ. 2016 టీ20 ప్రపంచకప్ ఫైనల్ కోల్‌కతాలో, ఆఖరి ఓవర్ వేసింది స్టోక్స్, వరసగా నాలుగు సిక్సర్లు కొట్టింది బ్రాత్‌వైట్, ఇద్దరి ఇంటిపేర్లూ ఇంగ్లండ్ పల్లెల నుంచి వచ్చినవే. స్టోక్ అంటే పాత ఇంగ్లీషులో పెద్ద ఊరిని అంటిపెట్టుకుని ఉండే శివారు పల్లె, ఆ పేరుతో అక్కడ బోలెడు ఊళ్ళున్నాయి. బ్రాత్‌వైట్ మాత్రం వైకింగుల మాట, ఉత్తర ఇంగ్లండ్‌లో వాళ్ళు అడవి కొట్టి చదును చేసుకున్న నేలని త్వైట్ అనేవాళ్ళు, ముందున్న ముక్కకి వెడల్పు అని అర్థం. 1627లో ఇంగ్లీషువాళ్ళు బార్బడోస్‌లో దిగారు, వాళ్ళతో పాటే ఇలాంటి పేర్లూ ఆ దీవికి చేరాయి.

వాషింగ్టన్‌కీ ఉతకడానికీ ఏ సంబంధమూ లేదు. వస్స అనే ఆయన మనుషుల ఊరు అని దానర్థం, చివర టన్ అంటే ఊరు. 12వ శతాబ్దం చివర్లో హార్ట్‌బర్న్ విలియం అనే ఆయన డరమ్ కౌంటీలోని ఆ ఊరికి మారి, పాత ఊరిపేరు వదిలేసి కొత్తది తగిలించుకున్నాడు, జార్జ్ వాషింగ్టన్ వంశం మొదలు అక్కడే. ఆయనంటే భూస్వామి కాబట్టి ఉన్న ఊరి పేరే పెట్టుకున్నాడు గానీ మామూలు జనానికి ఊరు వదిలి వెళ్ళాకే ఆ పేరు అంటుకునేది, ఊళ్ళో ఉన్నవాణ్ణి ఊరిపేరుతో ఎవరు పిలుస్తారు చెప్పండి?

— మరి మనకి ఏలూరు ఏలూరి, నెల్లూరు నెల్లూరి అవుతుంది కదండీ, వాళ్ళకి అలాంటి విభక్తి మార్పు ఏమీ లేదా?

చాలా మంచి ప్రశ్న అడిగారు, నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. యాష్ చెట్టు దగ్గర ఇల్లున్నవాణ్ణి "అట్టెన్ యాష్" అనేవాళ్ళు, అంటే "ఆ యాష్ దగ్గర" అని. అట్ అంటే దగ్గర, ఎన్ అన్నది "ఆ" అనే మాటకి చేరిన విభక్తి తోక. వాడుకలో ముందుభాగం రాలిపోయింది గానీ ఆ "న్" మాత్రం చెట్టుకి అతుక్కుపోయి నాష్ అయింది. ఓక్ చెట్ల దగ్గరివాడు నోక్స్ అయ్యాడు కూడా ఇలాగే. ఇంగ్లీషులో ఆ విభక్తి పోయి వందల ఏళ్ళయింది, నాష్ అనే ఇంటిపేరులో మాత్రం ఇంకా ఉంది, మన ఏలూరిలో "ఇ" ఉన్నట్టే.