512 ఎంబీ ర్యామ్ బోర్డు మీద జీప్లస్‌ప్లస్ (జీసీసీలోని సీప్లస్‌ప్లస్ కంపైలర్) ఒకసారి చస్తోంది, ఒకసారి బతుకుతోంది: స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు కార్డు మీద వాడుకునే చోటు) పెంచాలా, క్రాస్ కంపైల్ (బోర్డు కోసం వేరే కంప్యూటర్లో బిల్డ్) చెయ్యాలా?

పచ్చబోర్డు: రాస్‌బెర్రీ పై 3ఏ ప్లస్ మీద ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ ప్రాసెసింగ్ లైబ్రరీని సోర్స్ నుంచి బిల్డ్ చేస్తున్నా. మేక్ -జె4 (నాలుగు ఫైళ్లు ఒకేసారి కంపైల్) కొడితే గంటసేపు బాగానే నడిచి "ఫేటల్ ఎర్రర్: కిల్డ్ సిగ్నల్ టర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్" అని ఆగిపోతుంది. ఏమీ ముట్టుకోకుండా మళ్లీ మేక్ కొడితే ఆ ఫైలు దాటేసి ఇంకోచోట పడుతుంది. మూడు రోజులుగా ఇదే తంతు. కంపైలర్ బగ్గేనంటున్నాడు మా ఫ్రెండు. జీసీసీ వెర్షన్ మార్చేదా?

పాతకెర్నల్: వెర్షన్ జోలికి పోకండి. బగ్గయితే ఎప్పుడూ అదే ఫైల్లో, అదే లైన్లో పడాలి. "కిల్డ్" అంటే కంపైలర్ తనంతట తను చచ్చింది కాదు, కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) చంపింది. డీమెసేజ్‌లో (కెర్నల్ రాసుకునే లాగ్) "అవుట్ ఆఫ్ మెమరీ" కోసం వెతకండి, కనబడుతుంది. నాలుగు కోర్లున్నాయి కదాని జె4 ఇచ్చారు, కానీ ఉన్న ర్యామ్ 512 ఎంబీ. టెంప్లేట్లు దట్టించిన ఫైలైతే అసలు కంపైల్ చేసే సీసీ1ప్లస్ ఒక్కటే రెండు మూడొందల ఎంబీ లాగేస్తుంది. అలాంటివి రెండు ఒకేసారి తగిలితే ఒకటి పోతుంది. రెండోసారి కొట్టినప్పుడు పక్కన తేలికైనవి పడ్డాయి, దాటింది. మాయేం లేదు. జె1 పెట్టండి, స్వాప్ సెట్టింగులుండే డీఫిస్ స్వాప్‌ఫైల్లో కాన్ఫ్_స్వాప్‌సైజ్ 2048 (ఎంబీ) చేసి పడుకోండి.

క్రాస్‌వాలా: ఈ స్వాప్ సలహా విని నేనో ఎస్‌డీ కార్డు పోగొట్టుకున్నా అన్నా. రాత్రంతా ఒకటే రాతలు, పొద్దున్నకి కార్డు రీడ్-ఓన్లీ. ల్యాప్‌టాప్ ఉండగా పాపం ఆ బుల్లి బోర్డుతో బండచాకిరీ ఎందుకు? ఆర్మ్ టూల్‌చైన్ (బోర్డు ప్రాసెసర్‌కి కోడ్ తయారుచేసే కంపైలర్ సెట్) వేసుకుంటే టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది.

పాతకెర్నల్: ల్యాప్‌టాప్‌లో బిల్డయిన ఫైలు బోర్డు మీదికి తెచ్చాక "జీఎల్ఐబీసీ_2.34 నాట్ ఫౌండ్" అని, అంటే బోర్డులోని సీ లైబ్రరీ పాతదని, వస్తే? ఇప్పుడే మొదలెట్టిన మనిషికి సిస్‌రూట్ (ల్యాప్‌టాప్‌లో పెట్టుకునే బోర్డు లైబ్రరీల నకలు) నేర్పడానికి ఇంకో వారం పడుతుంది.

క్రాస్‌వాలా: బోర్డు మీది లిబ్, యూఎస్ఆర్ ఫోల్డర్లని ఆర్‌సింక్‌ అనే కాపీ కమాండ్‌తో ల్యాప్‌టాప్‌లోకి లాక్కుంటే ఆ గొడవే ఉండదు. సిమ్‌లింకులు (వేరే ఫైలుని చూపించే గుర్తులు) స్లాష్‌తో మొదలైతే తప్పుదారి పడతాయి, వాటిని సరిచెయ్యాలి. నాకూ మొదటిసారి ఒక పూట పట్టింది, కాదనను. ఆ తర్వాత ఎన్నిసార్లయినా నిమిషాలే.

సోల్డర్‌పొగ: మీ ఇద్దరి కొట్లాట తర్వాత. పచ్చబోర్డు గారూ, ప్రతిసారీ "కిల్డ్" అనే వస్తోందా? సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తనది కాని మెమరీని ముట్టుకుని ప్రోగ్రామ్ పడిపోవడం) ఏమైనా వచ్చిందా?

పచ్చబోర్డు: నిన్న రెండుసార్లు వచ్చిందండీ, వేర్వేరు ఫైళ్లలో. కింద "ద బగ్ ఈజ్ నాట్ రీప్రొడ్యూసిబుల్, సో ఇట్ ఈజ్ లైక్లీ ఎ హార్డ్‌వేర్ ఆర్ ఓఎస్ ప్రాబ్లమ్" అని కూడా ఉంది. రెండూ ఒకటేలే అనుకుని చెప్పలేదు.

సోల్డర్‌పొగ: అసలు చెప్పాల్సిందే అది. జీసీసీ అదే పనిని మళ్లీ చేసి చూసుకుంది, రెండోసారి తప్పు రాలేదు, అందుకే బోర్డునో ఓఎస్‌నో అనుమానించమంటోంది. దీనికి స్వాప్ మందు కాదు. పవర్, వేగం సంగతి చెప్పే వీసీజెన్‌కమాండ్ గెట్_థ్రాటిల్డ్ కొట్టి ఏమొచ్చిందో పెట్టండి. పవర్ దేంతో ఇస్తున్నారో కూడా.

పచ్చబోర్డు: 0ఎక్స్50005. పాత ఫోన్ చార్జరు, సన్న కేబులు, రెండు మీటర్లుంటుంది.

సోల్డర్‌పొగ: చివరి 5 అంటే ఈ క్షణాన వోల్టేజీ తక్కువ, వేగం కూడా తగ్గించేసింది. ముందున్న 5 అంటే బూటయ్యాక ఇవి రెండూ జరిగాయని, రీబూట్ చేసేదాకా చెరగదు. 4.63 వోల్టుల కిందికి జారితే ఆ గుర్తు పడుతుంది. నాలుగు కోర్లూ ఒక్కసారి లేస్తే ఆ కేబుల్లోనే సగం వోల్టు పోతుంది. 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్ల అడాప్టర్, పొట్టి కేబులు తీసుకోండి. ర్యామ్ మీద అనుమానం ఉంటే దాన్ని పరీక్షించే మెమ్‌టెస్టర్ ఆ తర్వాత.

పచ్చబోర్డు: అడాప్టర్ మార్చా, ఇప్పుడు 0ఎక్స్0. మార్చకముందు డీమెసేజ్‌లో చూస్తే పాతకెర్నల్ గారు చెప్పిన లైన్లు పదకొండు దొరికాయి. జె1, స్వాప్ 2048 పెట్టి రాత్రి పదికి మొదలెట్టా. పొద్దున్న ఏడుకి 61 శాతం, ఇంతవరకు కిల్డూ లేదు, సెగ్‌ఫాల్టూ లేదు.

క్రాస్‌వాలా: తొమ్మిది గంటలకి 61 శాతమా!

పాతకెర్నల్: ఆయన నిద్రపోయాడుగా, నీకేం నొప్పి?

క్రాస్‌వాలా: నాకు కాదు, కార్డుకి. పచ్చబోర్డు గారూ, బ్యాకప్ తీశారా?