ఎంఈసీ తర్వాత ఎకనామిక్సా, బీబీఏనా? ఎక్కడ చేర్పించాలి?

నరసన్నపేట నుంచి ఒక తండ్రి:

అందరికీ నమస్కారమండి. మాది కిరాణా కొట్టు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) గ్రూపు. లెక్కల్లో మంచి మార్కులే వస్తాయి. సాయంత్రం కొట్లో ఖాతా పుస్తకం కూడా తనే చూస్తుంది. మొన్న దసరాకి జీడిపప్పు దింపినప్పుడు, "పలాస మనకి ఇంత దగ్గర కదా నాన్నా, మరి విశాఖలో రేటూ మన రేటూ దాదాపు ఒకటే ఏమిటి?" అని అడిగింది. నాకు తెలిసింది ఏదో చెప్పాను, తను ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఎకనామిక్స్ చదువుతానని పట్టు పట్టింది. విశాఖలో ఉన్న మా బావమరిది బీబీఏ అంటున్నాడు. కాలేజీలో సారు బీకాం కంప్యూటర్స్ అన్నారు. ఈలోగా ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి వారానికి మూడుసార్లు ఫోను. సీటు ఇప్పుడే బుక్ చేసుకుంటే ఫీజులో సగం స్కాలర్‌షిప్ అట. నేను నెలకి పది వేలు, మహా అయితే పన్నెండు పెట్టగలను. ఎకనామిక్స్ చదివితే ఉద్యోగాలు ఉంటాయా? ఎంత దూరం పంపొచ్చు? కాస్త టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

విజయనగరం, రిటైర్డ్ కామర్స్ లెక్చరర్:

బాబూ, ముందు ఆ బుకింగ్ డబ్బు కట్టకండి. మిగతావి రాత్రి తీరిగ్గా రాస్తాను.

టెక్కలి, బ్యాంకు ఉద్యోగిని:

అన్నయ్యగారూ, నేను చదివింది ఎకనామిక్సే కాబట్టి నాకు జరిగింది చెబుతాను. మా రోజుల్లో బీఏ హెచ్ఈపీ, అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. మూడేళ్లూ గైడు పట్టుకుని వ్యాసాలు రాసి ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్నాను. పీజీకి హైదరాబాద్ వెళ్లాను. మొదటి వారంలోనే మేడమ్ బోర్డు మీద డిమాండ్ ఫంక్షన్ రాసి, దాన్ని డిఫరెన్షియేట్ చెయ్యమన్నారు. నా పక్కన కూర్చున్నమ్మాయి రెండు లైన్లలో తేల్చేసింది. నేను పెన్ను మూత తీసి అలాగే కూర్చున్నాను. ఆ లోటు పూడ్చుకోవడానికి ఏడాది పట్టింది.

అందుకని మీరు యూనివర్సిటీ పేరు కంటే ముందు సిలబస్ చూడండి. ఏ కాలేజీ అయినా సిలబస్ వెబ్‌సైట్లో పెడుతుంది. ఎకనామిక్స్ డిగ్రీ అని చెప్పి, అందులో మైక్రో, మాక్రోతో పాటు మాథమెటిక్స్, స్టాటిస్టిక్స్, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక విషయాలని గణాంకాలతో లెక్కకట్టడం) పేపర్లు లేకపోతే అది నేను చదివిన బీఏ లాంటిదే. చెడ్డదని అనను. గ్రూప్స్ రాసేవాళ్లకి పనికొస్తుంది. కానీ మీ అమ్మాయికి లెక్కలొచ్చు, ఆ బలం వృథా చేసుకోవద్దు.

బీబీఏ వేరే సంగతి. అకౌంట్స్, మార్కెటింగ్, హెచ్ఆర్, బిజినెస్ లా అన్నీ కొంచెం కొంచెం చెబుతారు. ఎలాగూ ఎంబీఏ చేస్తాననుకునేవాళ్లు ఏ డిగ్రీతోనైనా ఎంబీఏకి వెళ్లొచ్చు, దానికి బీబీఏనే చదవాలని లేదు. జీడిపప్పు రేటు ఎందుకలా ఉందని అడిగే పిల్లకి బీబీఏలో జవాబు దొరకదండీ, ఎకనామిక్స్‌లో దొరుకుతుంది.

ఇక ఎక్కడ అంటే, నా మాట మొహమాటం లేకుండా చెబుతాను: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్ ప్రయత్నించండి. డిగ్రీ, పీజీ ఒకేచోట అయిపోతాయి. కేంద్ర విశ్వవిద్యాలయం కనుక ఫీజు, హాస్టల్ కలిపినా ప్రైవేటు వాటి దరిదాపుల్లో ఉండవు. ఆమదాలవలస స్టేషన్ నుంచి నేరుగా రైలుంది. ధైర్యం చేస్తే ఢిల్లీ యూనివర్సిటీ బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ కూడా రాయండి, కానీ దానికి ప్రవేశ పరీక్షలో లెక్కల పేపరు తప్పనిసరి. లెక్కలు లేని సీఈసీ పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీ అమ్మాయిది ఎంఈసీ కావడం అదృష్టం.

ఈ రెండింటికీ సీయూఈటీ అనే ఒకే పరీక్ష. మన వైపు తల్లిదండ్రులు దెబ్బతినేది ఇక్కడే. ఇంటర్ ఫలితాలొచ్చాక చూద్దాంలే అనుకుంటాం. అప్పటికి దరఖాస్తు గడువు ముగిసిపోతుంది. ఒక్కో ఏడాది ఒక్కోలా ఉన్నా, జనవరి నుంచి మార్చి మధ్యలోనే అప్లై చెయ్యాలి. పరీక్ష మే నెల చుట్టుపక్కల. కంప్యూటర్ మీద రాయాలి, తెలుగులో కూడా రాయొచ్చు. ప్రశ్నలు ఎన్సీఈఆర్టీ పన్నెండో తరగతి పుస్తకాల మీద ఉంటాయి. మన ఇంటర్ పుస్తకంతోనే సరిపెట్టుకోవద్దు. ఎన్సీఈఆర్టీ పుస్తకాలు నెట్‌లో ఉచితం, ఈ రోజే దించుకోమనండి.

బొబ్బిలి నుంచి:

స్కాలర్‌షిప్ ఫోన్ల గురించి నా అనుభవం. మా వాడిని మూడేళ్ల క్రితం ఒక ప్రైవేటు క్యాంపస్‌లో బీబీఏలో వేశాను, సగం ఫీజు మాఫీ అంటే. మొదటి ఏడాది నిజంగానే మాఫీ. రెండో ఏడాది జీపీఏ ఎనిమిదిన్నర రాలేదని పూర్తి ఫీజు కట్టమన్నారు. ఆ షరతు అడ్మిషన్ కాగితం వెనకవైపు చిన్నక్షరాల్లో ఉంది, నేను సంతకం పెట్టాను కూడా. ఎవరినంటాం? రెండెకరాల మీద అప్పు తెచ్చి కట్టాను.

మీరు మాత్రం ఫోనులో చెప్పినవన్నీ మెయిల్‌లో పంపమని అడగండి. అలా అడిగాక మా తమ్ముడికి మళ్లీ ఫోనే రాలేదు.

విజయనగరం, రిటైర్డ్ కామర్స్ లెక్చరర్:

టెక్కలి అమ్మాయి చెప్పినదాంట్లో చాలావరకు సరే. ఒక్కచోట నేను ఒప్పుకోను. పద్దెనిమిది నిండని పిల్లని హైదరాబాద్, ఢిల్లీ పంపితేనే చదువు అనడం అందరికీ కుదిరేది కాదు. డిగ్రీ ఇక్కడే చేసి పీజీకి బయటికి వెళ్లినవాళ్లని నా సర్వీసులో ఎంతోమందిని చూశాను. శ్రీకాకుళంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ ఉంది, ఇంట్లోంచే బస్సు మీద వెళ్లి రావచ్చు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. 1926లో పెట్టిన యూనివర్సిటీ, ఎంబీఏ 1957లోనే మొదలుపెట్టింది. అక్కడికి పీజీలో వెళ్లొచ్చు. ఇక్కడ చేరితే లెక్కల పేపర్లు మైనర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుకి తోడుగా, తీసుకోనిస్తారా అని ప్రిన్సిపాల్‌ని అడగండి. 2023 నుంచి మన రాష్ట్రంలో సింగిల్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు ఒకటే) పద్ధతి వచ్చింది కాబట్టి మైనర్‌గా ఏ సబ్జెక్టులు ఇస్తున్నారో కాలేజీని బట్టి మారుతుంది. రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఓఏఎండీసీ అనే ప్రభుత్వ అడ్మిషన్ల పద్ధతి ద్వారానే. అది ఇంటర్ ఫలితాల తర్వాత, తొందర లేదు.

బీకాం సంగతి కూడా తీసిపారెయ్యకండి. సీఏ చెయ్యాలనుకుంటే ఇంటర్ తర్వాతే సీఏ మొదటి మెట్టు ఫౌండేషన్ రాయొచ్చు, లేదా బీకాం 55 శాతంతో పాసై నేరుగా సీఏలో రెండో మెట్టు, సీఏ ఇంటర్మీడియట్‌కి వెళ్లొచ్చు. బీబీఏ అయితే మటుకు ఒకటి చూడండి: 2024-25 నుంచి బీబీఏ కోర్సులు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యకి సంబంధించిన కేంద్ర మండలి) పరిధిలోకి వచ్చాయి. ఆ కాలేజీకి అనుమతి ఉందో లేదో ఏఐసీటీఈ వెబ్‌సైట్లో తెలుస్తుంది.

ఏ కాలేజీకైనా ఆదివారం కాదు, పని రోజున పది గంటలకి వెళ్లండి. ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ ఎక్కడని అటెండర్ని అడగండి. పర్మినెంట్ లెక్చరర్లు ఎంతమంది, గెస్టులు ఎంతమంది అని రెండో ఏడాది పిల్లల్ని అడగండి. వాళ్లు అబద్ధం చెప్పరు.

నరసన్నపేట నుంచి ఒక తండ్రి:

అందరికీ ధన్యవాదాలండి. మా ఆవిడ హైదరాబాద్ అంటే ఒప్పుకోవట్లేదు, అమ్మాయేమో అదే అంటోంది. సరే, దరఖాస్తు పెట్టడానికి ఏటి పోతుంది అనుకున్నాం. ఉద్యోగాల మాట ఎవరూ చెప్పలేదు. మేము బీసీలం, రిజర్వేషన్‌కి ఆ సర్టిఫికెట్ సరిపోతుందా?

టెక్కలి, బ్యాంకు ఉద్యోగిని:

ఉద్యోగం మాట చెప్పడం మర్చిపోయాను. బ్యాంకు పరీక్షలకి ఏ డిగ్రీ అయినా చాలు, నేనూ అలాగే వచ్చాను. ఎకనామిక్స్‌కే ప్రత్యేకం అంటే యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనమిక్ సర్వీస్. దానికి ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి, వయసు 21 నుంచి 30. రిజర్వ్ బ్యాంకులో కూడా ఎకనామిక్స్ పీజీ వాళ్లకి విడిగా పోస్టులు తీస్తారు. ఒట్టి డిగ్రీతో ఎకనామిస్ట్ అని పిలిచి ఉద్యోగం ఇచ్చేవాళ్లు తక్కువ, కాబట్టి అయిదేళ్ల లెక్క వేసుకోండి. మూడేళ్లకి సంపాదన మొదలవ్వాలంటే బీకామే నయం.

ఇంకొకటి. ఇంటర్ బోర్డులో పాసైనవాళ్లలో మొదటి 20 శాతం మందిలో ఉండి, ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉంది, డిగ్రీలో ఏడాదికి 12,000. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. హాస్టల్ మెస్సుకి కొంత ఆసరా.

విజయనగరం, రిటైర్డ్ కామర్స్ లెక్చరర్:

బీసీ సర్టిఫికెట్ సరిపోదు బాబూ. సెంట్రల్ యూనివర్సిటీకి కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న వర్గం కాదని చెప్పే) సర్టిఫికెట్ కావాలి. అదీ కొత్త ఆర్థిక సంవత్సరంలో, అంటే ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది అడుగుతారు. అసలు చిక్కు ఏమిటంటే, మన రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. మన రెండు జిల్లాల్లో ఈ బాధ ఎక్కువ. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే, ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుండి ఆస్తి నిబంధనలు సరిపోతే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ల) కోటాకి పెట్టుకోవచ్చు. సచివాలయంలో "స్కాలర్‌షిప్‌కి" అని చెబితే రాష్ట్రం నమూనాది చేతిలో పెడతారు. "సెంట్రల్‌కి" అని గట్టిగా చెప్పండి.

టెక్కలి, బ్యాంకు ఉద్యోగిని:

అమ్మాయికి నా తరఫున జీడిపప్పు జవాబు. పలాస వ్యాపారికి విశాఖలో కిలో ఎంతకి పోతుందో తెలుసు. అక్కడి రేటులోంచి రవాణా ఖర్చు తీసేస్తే ఎంతొస్తుందో అంతకంటే తగ్గించి మీ నాన్నకి ఎందుకిస్తాడు? జీడిపప్పు తేలిక, ఖరీదు ఎక్కువ, కిలోకి పడే లారీ ఖర్చు పెద్ద లెక్కలోది కాదు. అందుకే రెండు రేట్లూ దాదాపు ఒకటి. పైగా పలాస చుట్టుపక్కల ఉద్దానం పంట ఒక్కటే చాలక ఆఫ్రికా నుంచి కూడా గింజ దింపుకుంటారు, కాబట్టి రేటు పలాస చేతిలో ఉండేది కొంతే.

నరసన్నపేట నుంచి ఒక తండ్రి:

చదివి వినిపించానండి. "అలాగైతే ఉద్దానం కొబ్బరికాయ మనకి చవగ్గా రావాలి కదా, బరువు ఎక్కువ, రేటు తక్కువ" అని కాగితం మీద లెక్క వేస్తోంది. లారీ కిరాయి ఎంతని నన్ను అడిగింది, రేపు కనుక్కుని చెప్పాలి.