ఈ వారం సమస్య: రక్కసి మన యూరి రక్ష యయ్యె

నిర్వాహకురాలు:
అందరికీ నమస్కారం. ఈసారి సమస్య మా ఆదివారం ఆట బల్ల మీద పుట్టింది. మేము అయిదుగురం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, ఒక్కొక్కరూ ఒక పాత్ర అయి కథలో సాగే పాచికల ఆట. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట ఇది. కథ నడిపే డంజన్ మాస్టర్‌ని నేనే. ఈ ఆటలో రాక్షసులకు హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం లెక్క, ఉంటాయి, అవి సున్నా అయితే చచ్చినట్టే. దేవుళ్లేమో ఎక్కడో పైలోకాల్లో ఉంటారు. ఈ రెంటికీ నడుమ ఉండాల్సినవాళ్లు నాకు కనపడలేదు. ఒక్క చెరువుకు, ఒక్క రేవుకు, ఒక్క పొలిమేరకు మాత్రమే దేవత అయినవాళ్లు. మన ఊళ్లలో వాళ్లకు కొదవే లేదు కదా. అందుకని నా కథలో కొందరు రాక్షసులకు గుళ్లు కట్టించాను. ఆ ఆలోచనే ఈ పాదం. దీన్నే నాలుగో పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

రక్కసి మన యూరి రక్ష యయ్యె

ఛందస్సు ఆటవెలది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి. ప్రాసనియమం లేదు. పురాణమైనా, ఊరి సంగతైనా, ఆట సంగతైనా సరే.

పాతపుస్తకం:
నాకు ముందు గుర్తొచ్చింది మహాభారతం సభాపర్వంలోని జర అనే రాక్షసి. మగధ రాజు బృహద్రథుడి ఇద్దరు రాణులకు చెరో సగం బిడ్డ పుడితే, నాలుగు దారుల కూడలిలో పారేసిన ఆ ముక్కల్ని కలిపింది ఆమే.

జరయె కలిపె రెండు శకలమ్ములను దెచ్చి
బిడ్డఁ జేసి యిచ్చి పేరు గాంచె
గోడమీద బొమ్మ గూర్చి కొల్తురు జనుల్
రక్కసి మన యూరి రక్ష యయ్యె

యతి మాస్టారు:
గణాలు, యతులు సరిపోయాయి. జ-శ, బి-పే, గో-గూ అన్నీ చెల్లుతాయి. రెండు మాటలు చెప్పాలి. 'బొమ్మ గూర్చి' అంటే వినేవాడికి 'బొమ్మ గురించి' అని తోస్తుంది. మీరు చెప్పదలచింది గీయడం. రెండోది, 'కొల్తురు జనుల్' అనగానే మీరు బయట నిలబడి చూస్తున్నట్టయింది. అలాంటప్పుడు నాలుగో పాదంలో 'మన' ఎవరిది? ఈ సమస్యలో బరువంతా ఆ రెండక్షరాల మీదే ఉంది. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

గోడమీద గీసి కొల్తుము జనులార

ఇప్పుడు మాట్లాడేది ఆ రాజు ఊరు గిరివ్రజంలో ఉండే మనిషి.

పాతపుస్తకం:
ఒప్పుకుంటున్నాను మాస్టారూ. జర తానే రాజుతో అంటుంది, తన పేరు గృహదేవి అనీ, తన బొమ్మను పిల్లలతో సహా గోడ మీద గీసుకున్న ఇల్లు వృద్ధిలోకి వస్తుందనీ. అంటే ఆమె గోడ మీదికి దిగిన దేవత. ఇంటివాళ్ల గొంతుతోనే చెప్పాలి.

నిర్వాహకురాలు:
ఆ ఘట్టం నాకు ఆటలో చాలా పనికొచ్చింది. జర ఏం ఇస్తుందో, ఏం అడుగుతుందో, ఎక్కడ ఉంటుందో మూడూ అక్కడే ఉన్నాయి. నేను ప్రతి చిన్న దేవతకూ ఒక కార్డు రాసుకుంటాను. దాని మీద ఈ మూడే ఉంటాయి: ఏం తింటుంది, ఏం ఇస్తుంది, ఎంతవరకు. హిట్ పాయింట్లు కార్డు వెనక రాస్తాను. మూడోది లేకపోతే అది ఊరిదేవత అవదు, పెద్ద దేవుడికి చిన్న నకలు అవుతుంది.

ఓరుగల్లు కుర్రాడు:
అక్కా, ఆ 'ఎంతవరకు' అన్నది మా వైపు అందరికీ తెలిసినదే. కాకతీయుల నాటి చెరువులున్న ప్రాంతం మాది. కట్ట మీద మైసమ్మ ఉంటుంది. కట్ట మైసమ్మ అనే పేరులోనే ఆమె పని ఉంది. నా పద్యం:

చెఱువు కట్టఁ గాచి జీతమ్ముగా నేటి
కొక్క మేక గొనియెఁ గోరి తాను
కత్తి దించి మొక్కి కదలుఁడీ సఖులార
రక్కసి మన యూరి రక్ష యయ్యె

ఇది మైసమ్మ తల్లి మీద కాదు, ఆమెను రక్కసి అనను. ఆటలో చెరువు అడుగున ఉండే నీటి రక్కసి మీద రాశాను. కత్తులు దూసి వచ్చిన ఆటగాళ్లతో ఊరి పెద్ద అనే మాట.

యతి మాస్టారు:
బాగుంది బాబూ. 'జీతమ్ము' అన్న మాట ఈ పద్యానికి ప్రాణం. భక్తి కన్నా ముందు ఒప్పందం ఉందని ఒక్క మాటలో తేలింది. అయితే 'జీతమ్ముగాన్ + ఏటికి' కలిపి చదివితే 'నేటికి' అని వినపడుతుంది. ఏడాదికి ఒక మేక కాస్తా ఇవాళ్టికి ఒక మేక అవుతుంది. ఊరికి అది పెద్ద తేడా. ఇలా అయితే ఆ అనుమానం రాదు:

చెఱువు కట్టఁ గాచి జీతమ్ము సాలుకు
కోర్కె తీరఁ గొనియెఁ గొఱ్ఱె నొకటి

ఓరుగల్లు కుర్రాడు:
'సాలుకు' మా తాత వాడే మాట. ఉంచేస్తాను మాస్టారూ.

రైతుబిడ్డ:
నాది వేరే దారి. రాకాసి మట్టలు నాటి కంచె వేస్తాం కదా, ఆ రక్కసి.

మేక చొరక యుండ మిట్ట పొలము చుట్టు
ముండ్ల మట్ట లెన్నొ మొలవ నాటి
కంచె వేసినంతఁ గలిగె నెమ్మది మాకు
రక్కసి మన యూరి రక్ష యయ్యె

యతి మాస్టారు:
తప్పు లేదు, ధార చక్కగా ఉంది. కానీ పొలానికి కంచె వేశారు, ఊరికి కాదు. 'మిట్ట పొలము' ఉన్నంతవరకు నాలుగో పాదం అతకదు.

శంకరం దారి:
మాది అనకాపల్లి దగ్గర. మా బొజ్జన్నకొండ కింద హారీతి విగ్రహం ఉంది. బౌద్ధుల కథల్లో ఆమె పిల్లల్ని తినే యక్షిణి. బుద్ధుడు ఆమె చిన్న కొడుకును దాచి, బిడ్డ పోతే తల్లికి ఎలా ఉంటుందో తెలిసేలా చేశాడు. తర్వాత ఆమె పిల్లలకు కాపలా తల్లి అయింది. అజంతా రెండో గుహలో కూడా ఆమె ఉంది.

బిడ్డ నొకనిఁ దాఁచి బుద్ధుండు బోధింప
బిడ్డలఁ దిను తల్లి బెంగపడియె
కూడు పెట్టి రామె కుడిచి పిల్లలఁ గాచె
రక్కసి మన యూరి రక్ష యయ్యె

యతి మాస్టారు:
అమ్మా, రెండో పాదం దగ్గర నేను ఆగిపోయాను. 'బిడ్డలఁ దిను తల్లి బెంగపడియె.' తినడం, తల్లి అవడం, బెంగపడడం మూడూ అయిదు గణాల్లో పట్టాయి. దానికి తగ్గట్టు మొదటి పాదం నిలబడాలి. అక్కడ యతి తప్పింది. బి-బు హల్లులు కలిశాయి కానీ ఇకారానికి ఉకారం చెల్లదు. పైగా 'బోధింప' అనడం తేలిక మాట. ఆయన చెప్పి మార్చలేదు, అనుభవంలోకి తెచ్చి మార్చాడు. ఇలా అంటే ఎలా ఉంటుంది?

బుద్ధుఁ డొకని దాఁచి పుత్రశోకముఁ దెల్ప

బు-పు యతి. ఇక యక్షిణిని రక్కసి అనవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. మనుషుల్ని తినేదాన్ని ఊరివాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు, నాకు అభ్యంతరం లేదు.

శంకరం దారి:
ధన్యవాదాలు మాస్టారూ. 'కూడు పెట్టిరి' అన్నది ఊరికే వేసింది కాదు. ఏడో శతాబ్దంలో మన దేశం తిరిగిన చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు, విహారాల్లో భోజనశాల మూల హారీతి బొమ్మ ఉంచి రోజూ ఆమెకు అన్నం పెట్టేవారని. పిల్లల్ని తినడం మానెయ్ అన్నాక, మరి ఏం తినాలి అన్న ప్రశ్నకు జవాబు కూడా చూపించారు. నాకు ఆ కథలో అన్నిటికన్నా నచ్చేది అదే.

నిర్వాహకురాలు:
ఇది చదివాక నా కార్డుల్లో 'ఏం తింటుంది' అన్న చోట ఇంకో గీత గీశాను: 'ఇదివరకు ఏం తినేది'. ఆ రెంటి మధ్యే కథ ఉంది.

డాలస్ పాచిక:
అక్కా, నేను ఛందస్సు ఈ ఏడాదే నేర్చుకుంటున్నాను, కొంచెం టెన్షన్‌గానే పెడుతున్నాను. మా ఆటలో నిజంగా జరిగింది. ఏటి ఒడ్డున ఉండే ముసలి రక్కసిని చంపేశాం. ఇరవై ముఖాల పాచిక మీద ఇరవై పడింది, అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత తెలిసింది, ఆ ఏటిని ఆపి ఉంచింది ఆమేనని.

చంపి వచ్చినాము సంబరమున మేము
మఱుసటి దిన మేఱు మమ్ము ముంచె
ఏఱుఁ గట్టినట్టి యీమెయే లేదాయె
రక్కసి మన యూరి రక్ష యయ్యె

యతి మాస్టారు:
నేర్చుకుంటున్నవారు రాసినట్టు లేదు. ఏ-ఈ యతి కూడా సరిగ్గా పడింది. చిక్కు అర్థంలో ఉంది. ఆమె చనిపోయాక ఊరు మునిగింది. ఆపైన 'రక్ష యయ్యె' అంటే ఎప్పుడు అయింది? ముందే రక్షగా ఉండేది అంటే 'అయ్యె' కుదరదు. మూడో పాదం చదివాక నాలుగోది వెనక్కి నడుస్తోంది.

నిర్వాహకురాలు:
తమ్ముడూ, దీన్ని వదలకు. మన దగ్గర చనిపోయాక దేవతలైనవాళ్లు ఎంతమంది! కోస్తాలో పేరంటాళ్ల గుళ్లు చూడు. పల్నాడులో కారంపూడిలో వీరులకు గుడి ఉంది, కార్తీకంలో ఏటా ఉత్సవం చేస్తారు. మీ వాళ్లు ఆమెను చంపిన తర్వాత ఆ ఊళ్లో ఏం చేశారు?

డాలస్ పాచిక:
ఏమీ చేయలేదక్కా, పక్క ఊరికి వెళ్లిపోయాం. ఇది చదివాక ఇబ్బందిగా అనిపించి, నిన్న రాత్రి ఆటలో అందరం వెనక్కి వెళ్లాం. గెలిచిన బంగారం ఊరివాళ్లకిచ్చి, రాళ్లు మోసి ఒడ్డున చిన్న గుడి కట్టాం. కత్తితో పొడిచింది నా పాత్రే కాబట్టి మొదటి దీపం నన్నే పెట్టమన్నారు. మూడో పాదం మార్చాను:

చంపి వచ్చినాము సంబరమున మేము
మఱుసటి దిన మేఱు మమ్ము ముంచె
తెలిసి కట్టినాము తీరాన గుడి నేఁడు
రక్కసి మన యూరి రక్ష యయ్యె

యతి మాస్టారు:
తె-తీ యతి. 'అయ్యె' ఇప్పుడు అక్షరాలా నిజం. గుడి కట్టినవాళ్లే చంపినవాళ్లు కావడంతో 'మన' అన్న మాట కూడా మీకు దక్కింది. ఈ వారం నాకు నచ్చిన పూరణలు రెండు, హారీతి పద్యం, ఇది.

ఓరుగల్లు కుర్రాడు:
ఒక సందేహం. ఊరి భయం పోతే దేవత ఏమవుతుంది? మశూచి ప్రపంచంలో లేదని 1980లో ప్రకటించారు. మశూచి తల్లి పోలేరమ్మ గుళ్లు మాత్రం ఖాళీ కాలేదు.

నిర్వాహకురాలు:
ఈ ఆట అయిదో ఎడిషన్ 2014లో వచ్చింది. అందులో కువో-టోవా అనే చేపమనుషులు ఉన్నారు. వాళ్లు గట్టిగా నమ్మితే చాలు, లేని దేవుడు పుడతాడు. అయితే నమ్మకం మొదలైన చోటు కన్నా, ఆగిపోయిన చోటు నాకు ఎక్కువ ఆసక్తి. పోలేరమ్మకు మొక్కు ఆగలేదు, కాబట్టి ఆమె ఉంది. ఆటలో మాత్రం జనం వలసపోయిన ఊళ్లు ఉంటాయి, నైవేద్యం పెట్టేవాళ్లు లేని గుళ్లు ఉంటాయి. అక్కడి దేవత మళ్లీ ఏమవుతుందో మీరే చెప్పండి. వచ్చే వారానికి పాదం, ఛందస్సు మళ్లీ ఆటవెలదే:

మొక్కు మఱచినంత మొసలి యయ్యె